వేలిముద్ర చెల్లదు

సర్క్యులర్లు రాసే పెద్దమనుషులు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా సుద్దముక్క పట్టుకున్నారా అన్నది హెడ్మాస్టరు మునిశేఖర్‌కు ఇరవై రెండేళ్ళుగా తీరని సందేహం.

ఏటా అలిపిరి మెట్లెక్కేటప్పుడు గోవిందనామాల మధ్య స్వామిని కూడా అదే అడిగేవాడు. స్వామి వినేవాడే తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

ఆ రోజు పొద్దున కూడా బడి వరండాలో నెల కిందట వచ్చిన ఒక సర్క్యులర్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు సరుకుల రిజిస్టరులో రోజూ సంతకం చేయాలట. వేలిముద్ర చెల్లదట. నెలలోగా సంతకం రానివాళ్ళను తీసేయాలట. ఆ గడువు ఈ రోజుతో సరి.

కార్వేటినగరం పక్కనున్న ఆ పల్లె బడిలో పద్నాలుగేళ్ళుగా వండిపెడుతున్న ఆయిషా బీకి సంతకం రాదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ బడి పొయ్యి దయవల్లే.

"ఇంకొక్క తూరి పట్టమ్మా బలపం," అన్నాడు మునిశేఖర్.

"నెల దినాలుగా పడతానే ఉండా కద సార్. పలక సూస్తేనే సెయ్యి వొణుకుతాది."

"ఉడికే గుండిగ దించేటప్పుడు వొణకని సెయ్యి మూడక్షరాలకు వొణుకుతాదా?"

"నిప్పు నన్ను కొట్టలేదు సార్," అంటూ ఆమె వంటపాకలోకి వెళ్ళిపోయింది.

ఒకటో తరగతిలో ఎవరో అయ్యవారు కొట్టాడని ఆమె ఈ బడే మానేసిందని ఆయనకు తెలుసు. ఆ కోపం కూడా సర్క్యులర్ మీదికే మళ్ళింది.

అప్పుడే గేటు తీసుకుని ఒక ముసలాయన వచ్చాడు. నలిగిన చొక్కా, చంకన గుడ్డసంచి.

"గైడ్లు వద్దప్పా. మొన్ననే ఒకాయన అంటగట్టి పోయినాడు."

"గైడ్లు కాదు సార్. ఎండగా ఉండాది. రెండు నిమిషాలు కూసుంటా."

"కూసో. దానికింకా సర్క్యులర్ రాలేదు."

ముసలాయన నవ్వి బెంచీ చివర కూర్చున్నాడు. "ఏమి సార్ అంత విసుగు?"

ఆ మాత్రం అడిగేవాడి కోసమే మునిశేఖర్ ఎదురుచూస్తున్నట్టుంది.

"మరుగుదొడ్డికి ఫొటో. కోడిగుడ్డుకు ఫొటో. ఇప్పుడు వంటామె సంతకానికి ఫొటో. పాఠం చెప్పేదానికి మాత్రం యాళ లేదు. ఎవడప్పా ఇయ్యన్నీ రాసేది? ఒక పిల్లోని ముక్కు సీమిడి కూడా తుడవనోడు, యాడో ఏసీ గదిలో కూసోని రాస్తాడు. వాడే నా ముందరికొస్తే..."

"వస్తే?"

"ఒకటో తరగతి వానికప్పజెప్పి నేను కొండకు పోతా."

ముసలాయన ఈసారి నవ్వలేదు. కాగితం వైపు వంగి చూశాడు. "తీసేయమని రాసినారా దీంట్లో?"

"సదువు రాదా నీకు? మూడో లైను సూడు."

ఆయన రెండుసార్లు చదివాడు. ముఖం చిన్నబోయింది.

"వంటామెతో నేనొక మాట మాట్లాడొచ్చునా సార్?"

"నెల దినాలు సంతకం నేర్పినా నాకు కానిది నీకు గంటలో అవుతాదా? పో, మాట్లాడు. అన్నం మాత్రం మాడనీకు."

వంటపాకలోంచి కాసేపు మాటలు వినిపించాయి. ఆ తర్వాత ఏడుపు.

పదకొండున్నరకు మునిశేఖర్ విసవిసా వెళ్ళి చూస్తే ఆయిషా బీ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ముసలాయన ఆమె ఎదుట మట్టినేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.

"పనిజేసే మనిషిని ఏడిపించేదానికొచ్చినావా? పిల్లోళ్ళు అన్నానికొచ్చే యాళయింది. లేప్పా, బస్సొస్తాది."

ఆయిషా బీ ఏదో చెప్పబోయింది. ముసలాయన వద్దన్నట్టు తలూపాడు. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని గేటు దాటాడు.

పిల్లలు తిని వెళ్ళాక ఆయిషా బీ చేతులు కడుక్కుని వచ్చింది. పెన్ను అడిగింది. రిజిస్టరులో వంగి మెల్లగా రాసింది. ఆయిషా.

మూడో అక్షరం కాస్త వంకర పోయింది. చెయ్యి మాత్రం వణకలేదు.

మునిశేఖర్ నోరు తెరిచేలోగా ఫోను మోగింది. మండల విద్యాధికారి.

"ఏమప్పా, జయరామయ్య గారు వచ్చినారా ఆడికి? విద్యావిధానం రాసే కమిటీకి సలహాదారు. మీ బడే సూడాలని పట్టుబట్టి, కారొద్దని బస్సెక్కినాడంట."

మునిశేఖర్ బెంచీ మీది కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ఆ సంతకం సర్క్యులరు..."

"ఆయన రాసిందే. వంటామెకు బడే సంతకం నేర్పాల, ఆమె సంతకం లేందే సరుకు ఖర్చు రాయకూడదు అని రాసినాడంట. కిందికి దిగేతలికి నేర్పే ముక్క రాలిపోయింది. తీసేసే ముక్క యాడ అతుక్కునిందో దేవుడికెరుక."

"సార్, ఆయన ఎప్పుడన్నా సుద్దముక్క పట్టుకున్నాడా?" ఇరవై రెండేళ్ళ సందేహం నోరు జారింది.

"ముప్పై అయిదేళ్ళు అయ్యవారే కదప్పా."

మునిశేఖర్ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డుకు పరుగెత్తాడు. బస్సు వెళ్ళిపోయి చాలాసేపయిందని టీ అంగడి ఆమె చెప్పింది.

తిరిగొచ్చి వంటపాక గడపలో నిలబడ్డాడు. "ఏం జెప్పినాడమ్మా ఆయన నీకు?"

ఆయిషా బీ బియ్యం డబ్బా మీద నుంచి ఒక కొత్త పలక తీసి చూపించింది. దాని నిండా ఆమె పేరే.

"ఒకటో తరగతిలో నేను దప్పికై పానీ అని అడిగినా సార్. తెలుగులో అడగమని కొత్తయ్యవారు నా పలకతోనే నన్ను కొట్టినాడు. పలక రెండు ముక్కలయింది. ఇంకొకటి కొనిచ్చేదానికి మా నాయనకు శక్తి లేదు. మానుకున్నా."

"అది సరేలేమ్మా. ఈయనేమన్నాడు?"

"నలభై అయిదేళ్ళయింది తల్లీ, నీ పలక నీకిచ్చిపోదామని వచ్చినా అన్నాడు సార్."