హసీంత మొగుడి నంబరు

చనిపోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొచ్చే పండుగ రాత్రి అది. వహాకా కొండల్లోని ఆ ఇంట్లో హసీంత మొగుడి పటం ముందు అతని ఫోను పెట్టి, అతను దారి తప్పకుండా వాకిలి నుంచి సమాధుల దాకా బంతిరేకులు పరిచింది. ఫోనులోని సిమ్‌ను మాత్రం ఏనాడో శవపేటికలో, అతని చొక్కా జేబులో తన చేత్తోనే వేసింది.

"సిమ్ లేని ఫోను ఉత్త డబ్బా కదా వదినా! నంబరుండేది ఆ గోరంత ముక్కలోనే," అని నవ్వింది ఆడపడుచు తొమాస.

"ఆయన నంబరు ఆయన దగ్గరే ఉండనీవే."

తొమాస పడుకున్నాక హసీంత బెంగ ఆపుకోలేక తన ఫోను నుంచి ఆ నంబరుకే చేసింది. అందుబాటులో లేదంటుందనుకుంది. రింగయింది! పటం ముందున్న ఫోను ఉలకలేదు, పలకలేదు.

అవతల ఎవరో ఎత్తారు. మాట లేదు. కుక్క మొరుగుడు ఒక్కటే.

ఆమె ఫోను చెవి నుంచి తీసేసింది. మొరుగుడు ఆగలేదు. వాకిట్లో తమ కుక్కే, బంతిరేకుల దారికేసి చూస్తూ.