జారిన కుట్టు

"మళ్ళీ జారింది," అన్నాడు భర్త, ఫోన్ వెనకనుంచి.

"కనపడుతూనే ఉంది," అంది అల్లికల టీచరు. "ఆపకండి. వీడియో తీస్తూనే ఉండండి."

జారిన కుట్టును సూది మొనతో పట్టుకోబోయింది. అందలేదు. ఊలు వేలికి మెలిపడింది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపుకోవాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

"సినిమా చూస్తూ స్వెటర్ పూర్తిచేసే మనిషివి. కునికిపాట్లు పడుతూ కూడా అల్లేదానివి. ఇవాళేమిటి, నిన్నగాక మొన్న సూది పట్టినదానిలా!"

ఆవిడ వేలికి పడిన ఊలు మెలి విప్పుకుంది.

ఆ వీధి ఈ వీధి అని లేదు, చుట్టుపక్కల ఆడపిల్లలందరికీ అల్లిక నేర్పింది ఆవిడే. కుట్టు జారితే సూదితో వాళ్ళ వేళ్ళమీద ఒక్కటి వేసేది. పిల్లలు చాటుగా 'సూదిపోటు' అని పిలుచుకునేవాళ్ళు. ఆ సంగతి తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా.

కొట్టిన దెబ్బలన్నీ మరిచిపోయింది. ఒక్కటి మాత్రం ఇప్పటికీ తనకే తగులుతూ ఉంటుంది.

కూతురు చిన్నప్పుడు ముచ్చటపడి సూదులు పట్టుకుంది. ఏం చూపించినా తిరగేసి చేసేది. టీచరు కూతురే ఇలా అల్లితే నలుగురిలో తలెత్తుకునేదెలా అని ఆవిడకు ఒళ్ళు మండింది. ఇనప సూదితో కొట్టింది. వేలి కణుపు మీద చర్మం చిట్లింది. పిల్ల ఏడవలేదు. సూదులు బల్లమీద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ వాటి జోలికి రాలేదు. మచ్చ ఇంకా అలాగే ఉంది. కూతురు కాఫీ కప్పు అందుకున్నప్పుడల్లా టీచరు చూపు తిప్పుకుంటుంది.

ఇప్పుడు మనవరాలికి అల్లిక పిచ్చి పట్టింది. అమ్మమ్మ దగ్గరే నేర్చుకుంటానని పేచీ.

కూతురు ఒక్క మాటలో తేల్చేసింది. "వద్దమ్మా. దెబ్బలు తినే ఓపిక దానికి లేదు, చూసే ఓపిక నాకూ లేదు."

ఆ మాట గుచ్చుకుంది. కానీ కూతుర్ని ఏమని అనగలదు? "వీడియో తీసి పంపుతానే. వీడియోలోంచి కొట్టలేను కదా," అంది. కూతురు సరే అనలేదు, కాదనీ అనలేదు.

అప్పట్నుంచీ ఆవిడ గది తలుపు వేసుకుని అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. విప్పిన ఊలు కుప్ప చూసి భర్తకు కంగారు పుట్టింది. "చేతులు పట్టు తప్పుతున్నట్టున్నాయి, డాక్టరుకి చూపిద్దామా?" అని అడిగాడు. "ఊరుకోండి మీరు," అని కసిరింది.

"పోనీ ఈ జారిన ముక్క కత్తిరించేద్దాం," అన్నాడాయన ఇప్పుడు. "ఇంతకాలం సంపాదించిన పరువు కాస్తా పోతుంది."

"పోనీండి. ఉంచండి."

ఫోన్ వైపు కొద్దిగా వంగింది. గొంతు సవరించుకుంది.

"చూడమ్మా, కుట్టు జారిందనుకో. కంగారు పడకు. ఎవరూ ఏమీ అనరు. ఇలా మెల్లగా పైకి తీసుకో. నాకూ జారిపోతోంది, చూశావుగా."

'ఎవరూ ఏమీ అనరు' దగ్గర సూది ఒక్క క్షణం ఆగింది. ఆ మాట విని ఉండాల్సిన పిల్ల ఎప్పుడో పెద్దదైపోయింది. టీచరుకు సిగ్గుతో ముఖం కందిపోయింది. అదృష్టం కొద్దీ ఫోన్లో చేతులే పడుతున్నాయి.

మధ్యాహ్నం వీడియో పంపించారు. కూతురు చూసినట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు లేదు. ఆవిడ తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. కాఫీ పెట్టి తాగడం మరిచిపోయింది. పంపకుండా ఉండాల్సింది, పాత పుండు కెలికినట్టయింది అనుకుంది.

పొద్దు వాలాక ఫోన్ మోగింది.

"అమ్మా," అంది కూతురు. "ఎప్పట్నుంచి నేర్చుకుంటున్నావు?"

"నువ్వు వద్దన్న రోజు నుంచి. ఇంకా పూర్తిగా పట్టుబడలేదే. వరస వంకరపోయింది, చూశావుగా."

"చూశా. మళ్ళీ మళ్ళీ చూశా."

వెనకనుంచి మనవరాలి కేక వినపడింది. "అమ్మా, నాకొచ్చేసింది!"

"రేపు దాన్ని తీసుకుని వస్తాను," అంది కూతురు. ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. "సూదులు రెండు జతలు తీసి ఉంచు. ఒకటి నాకు."

ఎడమచేతి వాటమని కూతుర్ని కొట్టిన టీచరు, అదే వాటం వచ్చిన మనవరాలి కోసం ఆ వీడియో అంతా ఎడమచేత్తో అల్లింది.