ఒక్కసారే అడిగే మనిషి

చీకటి గదిలో కూర్చుని ఇంకొకరి కాపురం చూడటమేమిటని హెడ్మిస్ట్రెస్‌కు మొదట చిరాకేసింది. కాసేపటికి సరదాగానే ఉందనిపించింది.

ఆ కౌన్సిలింగ్ సెంటర్ పద్ధతే అది. అద్దానికి అవతల వెలుతురు గదిలో భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుంటారు. ఇవతల చీకట్లో ఉన్నవాళ్ళు చూస్తారు. గోడకున్న స్పీకర్లోంచి ప్రతి మాటా వినిపిస్తుంది. అవతలివాళ్ళకు మాత్రం అద్దంలో తమ ముఖాలే కనిపిస్తాయి.

కౌన్సిలర్ ఆమెకు ఫోన్ చేసి మరీ రమ్మంది. "ఈ కాపురం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోవాలి మేడమ్. మీ అభిప్రాయం చాలా ముఖ్యం" అంది. ముఖ్యం కాకేం? ఆమె వరండాలోకి వస్తే పిల్లలే కాదు, టీచర్లు కూడా ఊపిరి బిగబడతారు.

పక్క కుర్చీలో ఉన్న సర్వేయరును ఎందుకు పిలిచారో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆ నోటినుంచి ఒక అభిప్రాయం ఊడిపడగా ఆమె ఇంతవరకూ చూడలేదు.

అవతలి గదిలో భార్య గోళ్ళు చూసుకుంటోంది. భర్త కుర్చీ చేతిమీద దరువేస్తున్నాడు. ఇద్దరివీ వేర్వేరు జాతులు, వేర్వేరు అలవాట్లు. ఇష్టపడి చేసుకున్న పెళ్ళేనట.

"వేరేవాళ్ళను చేసుకోవడం తప్పు కాదు" అంది హెడ్మిస్ట్రెస్ ఉదారంగా. "బుర్ర లేనివాళ్ళను చేసుకోవడమే తప్పు."

కౌన్సిలర్ స్పీకర్ గొంతు కాస్త పెంచింది.

"మావాళ్ళలో ఏదైనా పెడితే మొదట వద్దనాలి. అది మర్యాద" అంటోంది భార్య. "పెట్టేవాళ్ళు బతిమాలాలి. అది ప్రేమ."

"మావాళ్ళలో వద్దంటే వద్దనే. మళ్ళీ అడిగితే ఎదుటివాళ్ళ మాటకు విలువివ్వనట్టు" అన్నాడు భర్త.

ఆ మాట హెడ్మిస్ట్రెస్‌కు నచ్చింది. ఆ దద్దమ్మ నోట వినడమే నచ్చలేదు.

"పెళ్ళైన కొత్తలో ఎన్ని రాత్రులు సగం కడుపుతో పడుకున్నానో నీకు తెలుసా? ఇంకొంచెం వడ్డించనా అని ఒక్కసారి అడిగేవాడివి. వద్దనగానే గిన్నె తీసుకెళ్ళిపోయేవాడివి."

"వద్దన్నది నువ్వే కదా?"

హెడ్మిస్ట్రెస్ ఫక్కున నవ్వింది. "తోమి బోర్లించిన గిన్నెలో ఎంతుంటుందో వీడి బుర్రలో అంతుంది. ఎదుటిమనిషి ఆకలితో ఉంటే ముఖం చూస్తే తెలియదూ?"

బల్లమీద కౌన్సిలర్ పెట్టిన బిస్కెట్ల పళ్ళెం ఉంది. హెడ్మిస్ట్రెస్ దాన్ని సర్వేయరు వైపు కొద్దిగా జరిపింది.

"కావాలా?"

"వద్దు."

పళ్ళెం తన వైపు లాక్కుని ఆమె ఒక బిస్కెట్ టీలో ముంచుకుంది. బిస్కెట్లు బాగున్నాయి. ఒక్కటీ మిగల్లేదు.

స్పీకర్లో భార్య గొంతు సన్నబడింది.

"పోయినేడాది నా కాలికి ఆపరేషన్. సెలవు పెట్టక్కర్లేదు, టాక్సీలో వెళ్ళొస్తానన్నాను. సరేనని ఆఫీసుకు వెళ్ళిపోయావు. వార్డులో అందరి పక్కనా ఎవరో ఒకరున్నారు. నావాళ్ళెవరని నర్సు అడిగితే, ఆయన దారిలో ఉన్నారని అబద్ధం చెప్పాను."

"మనసులో అంత ఉంటే చెప్పొచ్చుగా?"

"అడిగి తెచ్చుకున్నాక ఇంకేం మిగులుతుంది?"

సర్వేయరు కళ్ళజోడు తీశాడు. జేబురుమాలు మడిచి ఎడమ కంటికి మెల్లగా, నొప్పి కలగకుండా అద్దుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ ఓరకంట చూసి పెదవి విరిచింది. ముక్కూముఖం తెలియనివాళ్ళ గోలకు ఈ మహానుభావుడి కన్నీళ్ళొకటి!

కౌన్సిలర్ స్పీకర్ ఆపేసింది. "చెప్పండి మేడమ్, తప్పెవరిదంటారు?"

"అడగాలా? ఆ మగాడిదే. వాడికి రూల్సు తెలుసు, మనిషి తెలియదు. కట్టుకున్నది ఒంటరిగా ఆపరేషన్ బల్ల ఎక్కితే ఆఫీసుకెళ్ళి కూర్చున్నాడంటే వాడిది గుండె కాదు, బండరాయి. పైగా వద్దన్నది నువ్వే కదా అని ఎదురు వాదన! ఇలాంటివాళ్ళు నా స్కూల్లో ఉంటే గేటు దగ్గరే నిలబెట్టేదాన్ని."

"వాళ్ళ పెంపకం అలాంటిదేమోనండీ?"

"పెంపకం పేరు చెప్పి తప్పించుకుంటే కుదరదమ్మా. ఇన్నేళ్ళు ఒక కప్పు కింద ఉండి పక్క మనిషి 'వద్దు' అంటే ఏమిటో నేర్చుకోకపోతే, ఆ బుర్రకు ఏ కౌన్సిలింగూ ఎక్కదు."

"మరి ఈ కాపురం నిలబడాలంటారా?"

"నిలబెట్టి ఏం చేసుకుంటారు? తాంబూలమిచ్చి పూజ చేస్తారా? వదిలేసి పొమ్మనండి. నేనైతే దగ్గరుండి ఆ అమ్మాయి సామాను సర్దిపెడతాను."

సర్వేయరు తల తిప్పి, వచ్చినప్పటినుంచి మొదటిసారి, ఆమెను సూటిగా చూశాడు.

"ఇంకోసారి ఆలోచించుకుంటారా మేడమ్?" అంది కౌన్సిలర్.

"నాకు ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు."

"ఆ ఇద్దరూ మా స్టాఫేనండీ," అంది కౌన్సిలర్ లేచి లైటు వేస్తూ, "పోయినవారం మీరు విడిగా నాతో అన్న మాటలు ఆ అబ్బాయి చేత, ఈ పక్క కుర్చీలో ఉన్న మీ ఆయన అన్న మాటలు ఆ అమ్మాయి చేత అనిపించాం, మేం మార్చిందల్లా కన్నును కాలు చెయ్యడమే."