గట్టి టెంటు

"ఇది కత్తికి కూడా తెగదు తమ్ముడూ!" అని దుకాణంవాడు ఒట్టేసి మరీ చెప్పాడు. పోయినసారి చవక టెంటు గాలికి చిరిగి రాత్రంతా వానలో తడిసి ముద్దైన బైకు మెకానిక్, ఇక మారుమాట లేకుండా దాన్నే కొన్నాడు.

బండి మీద బరువెక్కువైందని సుత్తి ఇంట్లోనే పడేశాడు.

"మేకులు దేంతో కొడతావురా?" అంది అక్క.

"బూట్లున్నాయిగా!"

కొండ మీద నేల మెత్తగా ఉంది. ఎనిమిది మేకులూ మడమతో సగం సగం తొక్కి, ఈ రాత్రికి చాల్లే అనుకుని లోపలికి దూరి జిప్పు లాక్కున్నాడు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

కన్ను మూతపడుతుండగా తలవైపు టంగుమంది. ఇనుము మీద ఇనుము. ఒక మేకు పూర్తిగా దిగేదాకా కొట్టి, ఆ చప్పుడు నింపాదిగా పక్క మేకు దగ్గరికి వెళ్లింది.

"ఎవరది?" అని అరిచాడు.

చప్పుడు ఆగింది. అతను లేచి కూర్చున్నాడు. మళ్లీ టంగుమంది.

చప్పుడు ఆరో మేకు దగ్గరికి వచ్చేసరికి జిప్పు పట్టుకుని గుంజాడు. కదల్లేదు. ఏడో మేకు దగ్గర కత్తి తీసి, బలమంతా పెట్టి గుడ్డ మీద గీశాడు. మళ్లీ గీశాడు. గీత కూడా పడలేదు.

దుకాణంవాడు చెప్పింది అక్షరాలా నిజం.

బయట ఎనిమిదో మేకు దిగుతోంది.