ఇసుక కింద కూత

ప్రొ కబడ్డీ వదిలి సినిమా ఫైటర్ అయిన ఆదెన్నను షూటింగ్ వాళ్ళు పెన్న ఇసుకలో పూర్తిగా పూడ్చారు. "చెయ్యి ఎత్తితే తీసేస్తాం" అన్నాడు ఫైట్ మాస్టర్. ఆ చేతి మీదా ఇసుకే ఉంది.

గట్టు మీద భార్య రామాంజినమ్మ "కబడ్డీ, కబడ్డీ" అని కూత పెట్టింది. అతని ఆట చూసేటప్పుడూ అంతే, తనూ గుక్క తిప్పుకోకుండా పలికేది.

ఆమె కూత తెగింది. ఇసుక కదల్లేదు.

"తీయండప్పా! సచ్చిపోతాండాడు!" అంటూ పరుగెత్తి చేతులతో తవ్వింది.

ఆదెన్న నోట్లోని ఇసుక ఉమ్ముతూ లేచాడు.

"షాట్ పాడైంది, వన్ మోర్!" అరిచాడు మాస్టర్.

ఆదెన్న మళ్ళీ గోతిలో పడుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈసారి కూత ఆపాకు మే. అది ఆగినాకే నాకు భయమైంది."