చేప మీద నింద

"కుళ్లిన సేప వండి నా తమ్ముణ్ణి సంపేత్తావేటే?"

కాసిడీహ్ బస్తీలో ఆ ఇరుకింట్లో పొద్దుట్నించీ ఆదిబాబు పెళ్లాం మీద అరుస్తూనే ఉన్నాడు. మంచం మీద తమ్ముడు పోలరాజుకి వాంతులూ విరేచనాలూ ఆగలేదు.

"ఆ సేప నువ్వూ తిన్నావు, నానూ తిన్నాను. మనకేటయింది?" అంది చిలకమ్మ.

"నోర్ముయ్యి."

పోలరాజు వాచిన కాలి బొటనవేలు చూపిస్తూ మూలిగాడు.

"నొప్పి తగ్గనేదన్నియ్యా. నిన్న నువ్విచ్చిన నీ గౌటు మాత్రలన్నీ గంటకోటి సొప్పున మింగేసినాను. ఇంకున్నాయేటి?"

ఆదిబాబు మంచం కింద ఖాళీ సీసా తీసి చూశాడు. రోజుకి రెండే వేసుకోవాలని, ఎక్కువైతే వాంతులూ విరేచనాలూ పట్టుకుని ప్రాణం మీదికొస్తుందని డాక్టరు తనకి చెప్పాడు. తను తమ్ముడికి చెప్పలేదు.

"రిచ్చావోణ్ణి పిలు," అంది చిలకమ్మ. "మాత్రల సీసా జేబులో ఎట్టుకో, డాక్టరుకి సూపించాల. సేప సంగతి వచ్చినాక తేల్సుకుందాం."