మేడమీద మోచెయ్యి

అక్క దగ్గర అప్పటికే నాలుగు నోటుబుక్కులున్నాయి. నాలుగు సాహిత్య సభలకి నాలుగు. సభ నుంచి ఒళ్ళు కాలిపోతూ రావడం, దారిలోనే అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి కొనడం, మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలు పేర్చడం, ఆరో పేజీకల్లా జ్వరం దిగిపోవడం. నాలుగో పుస్తకం ప్రస్తుతం వంటింట్లో వేడి గిన్నెల కింద ఉంటోంది.

"మళ్ళీ అయిదోదెందుకే? మనింట్లో అన్ని గిన్నెలు లేవుగా," అంది అమ్మ.

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు తీగలు కలిపిన మనిషి. ఎవరు ఎవరి దగ్గర ఏడ్చారో, ఎవరు ఎవరికి అబద్ధాలు చెప్పారో అన్నీ ఆ చెవుల్లో ఉన్నాయి. ఆ కబుర్లని పుస్తకం చెయ్యాలని అక్క కోరిక. కానీ ఈమధ్య అమ్మకి ఒక్కోటే జారిపోతున్నాయి. మొన్న కూతురి మొహంలోకే చూసి, "ఏ నంబరు కావాలండీ?" అంది. ఏడాది పోతే ఏం గుర్తుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆరంభశూరులకి ఏడాది ఏ మూలకి?

అయిదో సభకి తమ్ముణ్ణి కూడా లాక్కుపోయింది. వాడు బడిలో లెక్కల మాస్టారు. మేడమీద గదిలో ఉంటాడు. వాడికి వాడే చాలు కనక పెళ్ళి జోలికి పోలేదు.

సభలో ఒక పెద్ద నవలా రచయిత్రి ఒకటే మాట చెప్పింది. "రోజూ ఒకే వేళకి, ఒకే కుర్చీలో కూర్చోండి. ప్రేరణ సంగతి తర్వాత." హాలంతా చప్పట్లు. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ ఏ సాధనా అక్కర్లేదు. తర్వాత ఆవిడ చేత పుస్తకాల మీద సంతకాలు పెట్టించుకోవడానికి జనం గేటు దాకా వరస కట్టారు. తమ్ముడూ గంటసేపు నిలబడ్డాడు.

తిరుగు బస్సులో వాడు వాడిలా లేడు.

"ఆవిడ చెయ్యి చూశావా అక్కా? ఒక్క క్షణం ఆగలేదు! ఇన్నాళ్ళూ దండగ చేశాను. రేపట్నుంచి రోజూ పొద్దున్నే ఆరింటికి."

"ఆరో పేజీ దగ్గర కలుద్దాంలే," అంది అనుభవంతో అక్క.

మర్నాడు ఆరింటికి మెట్ల మీంచి చూస్తే కిటికీలో వాడి వీపు, ఊగే మోచెయ్యి. రెండో రోజూ అంతే. వారమైంది, నెలైంది. మోచెయ్యి ఆగలేదు. అక్కకి కడుపు మండిపోయింది. ఆ కుళ్ళుతోనే వెళ్ళి అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుంది. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాయడం మొదలుపెట్టింది. ఏడున్నరకి లేచి ఆస్పత్రికి పరుగు. ఎక్స్‌రే గదిలో డ్యూటీ ఎనిమిదింటికి. బద్ధకించిన రోజున మెట్లెక్కి ఆ మోచేతిని ఒకసారి చూసేది. తిట్టుకుంటూ దిగొచ్చి పెన్ను పట్టుకునేది.

ఆర్నెల్లకి ఉండబట్టలేక అడిగింది.

"ఎంతదాకా వచ్చిందిరా?"

"అయిదో నోటుబుక్కు నడుస్తోంది. నీకు?"

"డెబ్భై పేజీలు."

"ఆర్నెల్లకా!" వాడు జాలిగా నవ్వాడు. "చెయ్యి తిరగాలక్కా. మొదట్లో నాదీ వణికేది. ఇప్పుడు ఆలోచించే పనే లేదు, దానంతటదే పోతోంది. కొట్టివేతన్నది ఉండదు."

"దేని గురించి?"

"నా గురించే. అంతకంటే బాగా నాకేం తెలుసు?"

"ఒక్క పేజీ చూపించరా."

"అప్పుడే కాదు. ఇంకా కుదరాలి."

అక్క ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాటి నుంచి అయిదున్నరకే కూర్చుంది.

ఏడాది తిరిగేసరికి నూట తొంభై పేజీలయ్యాయి. పుస్తకం పూర్తయింది. మొదటి పేజీలో 'నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మా తమ్ముడి మోచేతికి' అని అంకితం రాసి, రెండు రోజులు కూర్చుని అమ్మకి మొత్తం చదివి వినిపించింది.

"ఎవరిదే ఈ కథ? భలే ఉంది," అంది అమ్మ.

అక్క నోటుబుక్కులు రెండూ మూసి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"వాడిది కూడా చదివి పెట్టు," అంది అమ్మ మళ్ళీ. "ఎక్స్ఛేంజి బోర్డు మీద ఇంకా రెండు దీపాలు వెలుగుతున్నట్టున్నాయి. అవి ఆరేలోగా వినేస్తాను."

తమ్ముడు ఇంట్లో లేడు. ఆరో సభకి, ముందు వరసలో కుర్చీ కోసం తెల్లారే వెళ్ళిపోయాడు. తిడితే తిట్టాడులే అనుకుని అక్క మేడెక్కింది. బల్ల మీద తొమ్మిది నోటుబుక్కులు. తనవి రెండు. సిగ్గుపడుతూనే అన్నిటినీ గుండెలకి హత్తుకుని కిందికి తెచ్చింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. పాత అలవాటు కొద్దీ అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఊఁ, కలుపు."

అక్క మొదటి నోటుబుక్కు తెరిచింది, గబగబా రెండోది, తర్వాత తొమ్మిదోది: మొదటి గీత నుంచి చివరి గీత దాకా 'అభిమాన పాఠకులకు, ప్రేమతో' అన్న ఒకే ఒక్క ముక్క, ప్రతిదాని కిందా వాడి సంతకం.